తిప్పి తియ్యి

గా ఊడిన ముక్కను గట్ల గిన్నెల ఏస్కోని చూస్తే అతుక్కుంటదా హిమజా? తిట్టరాదు జెర. నీ మొగుణ్ణే కద, తిడితే ఎవరన్న అడ్డమొస్తరా?

చూపిచ్చిన. కంప్యూటర్లు బాగుచేసే కాలేబుకు ఫోటోలు పంపిన. కార్ఖానా బస్తీల వాని దుకాణంల గిరాకీని నిలబెట్టి మరీ ఫోన్ చేసిండు పాపం. ఉత్త హీట్‌సింకు, గా వేడి గుంజే బిళ్ల, ఊడొస్తే ఏం కాకపోవునంట. కింద మెమరీ చిప్పు సుత దానితోనే లేచొచ్చింది. బోర్డు మీద చిప్పు కూసునే రాగి చుక్కలు సుత పీక్కొచ్చినయి. ఇగ అతికియ్యనీకి జాగనే లేదు, నీ కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డు పోయినట్టే అన్నడు.

తెలుసు, ముట్టకన్నవ్. మల్కాజ్‌గిరికి పోయి మీ అమ్మను చూసొచ్చి నువ్వే మారుస్తనన్నవ్. నేను వినలే.

కార్డు ఉడుకెక్కి నీ బొమ్మల సినిమా సగంల ఆగిపోతుండె కద. చిప్పుల మీది పాత హీట్‌సింకులు తీసి, కొత్త రాగివి అతికిస్తే ఆగకుండ నడుస్తదని నువ్వే చెప్పినవ్. రేపు పొద్దుగాల బెంగళూరోల్లకు పంపాలె. వాళ్లకు నచ్చితే నీకు నౌకరి. గిదంత తెల్వకనా? నువ్వొచ్చేసరికి చేసి పెడ్దామనుకున్న. సంతోషపడ్తవనుకున్న.

ఉత్తగనే చెయ్యి పెట్టలే, కాలేబును అడిగే షురూ చేసిన. “హరికిషన్ అన్నా, వదిన హెయిర్ డ్రయ్యర్ తోని వేడి చెయ్యి. బంక మెత్తవడ్డంక తిప్పి తియ్యి” అన్నడు. వేడి చేసిన. వేలు పెడితే సురుక్కుమన్నది. ఇగ తిప్పిన.

కార్డును తిప్పిన హిమజా. దోశెను తిప్పినట్టు బోర్ల తిప్పిన. తిప్పి తియ్యి అంటే ఎవరైన ఏమనుకుంటరు? రెండు పీటల మీద ఆనిచ్చి, కిందికెళ్లి సందుల అట్లకాడ పెట్టి లేపిన. టప్పుమన్నది. గంతే.

వాడు చెప్పింది హీట్‌సింకును తిప్పమనంట. సీసా మూత తిప్పినట్టు, అటింత ఇటింత, మెల్లగ. మీదికి గుంజొద్దంట. గట్లయితే గా ముక్క సాఫ్‌గ చెప్పాలె కద వాడు? నాదేం తప్పు?

ఆ పళ్లెం దిక్కు ఏం చూస్తున్నవ్?

అవు, అవి కూడ నేనే తీసిన. మూడు హీట్‌సింకులు. ఒక్కదానికి దెబ్బ తాకలే. వాటి కింద చిప్పులు మంచిగనే ఉన్నయి.

గట్ల చూడకు. సరే, చెప్పిండు. ఫోన్ పెట్టే ముందు మళ్ల చెప్పిండు. “మూత తిప్పినట్టన్నా, సమజైందా?” అన్నడు. సమజైందన్న. సమజై గా మూడింటిని గట్లనే తీసిన. ఇది కదలలే. ఇంకోసారి వేడి చేస్తే వచ్చేదే. డ్రయ్యర్ చేతిలనే ఉండె. పక్కకు పెట్టి వంటింట్లకు పోయిన, అట్లకాడ తెచ్చిన.

ఎందుకు తెచ్చినవంటే నేనేం చెప్పాలె?

నీ పని చూసినోల్లు నిన్ను ఇడుస్తరా? తీస్కుంటరు. నువ్వు బెంగళూరుల, నేను ఇక్కడ పార్సిల్ ఆఫీసుల మూటల నడుమ. పొద్దున నీ కప్పు కడగకుండ నా కప్పు ఒక్కటే కడుక్కోవాలె. మీ అమ్మ ముంగట “పోనీ అత్తమ్మా, నేనున్న కద” అన్నది నేనే. అందరు మెచ్చుకున్నరు సుత. గంత మెచ్చుకున్నంక, పోకు అని నీకు ఎట్ల చెప్తా? గా మాట నోట్లెకెళ్లి రాలే హిమజా. చేతులకెళ్లి వచ్చింది.

ఆ డిస్కు ఎందుకు ఊడదీస్తున్నవ్? బ్యాగుల పెడ్తున్నవేంది? బోయిగూడల నీ దోస్తు సృజన ఇంటికా?

ఓ. నీ పనంత డిస్కులనే ఉన్నదా. ఈ కార్డుల ఏం లేదా. సృజన కంప్యూటర్ల పెడితే రేపటికి అయిపోతదా.

నాకు గది సుత తెల్వకపాయె.

నేను దింపుతా. వద్దా? ఆటో కింద ఉన్నదా? సరే.

జెర ఆగు. గిప్పుడన్న చెప్పాలె నేను. నోరు తెరుస్తున్న గని గా ఒక్క మాట వస్తలేదు, చూడు.

మెట్లు కడిగిన్రు, జారతయి. మెల్లగ దిగు.

పోయి రా.