కళ్లద్దాల కొట్లో ఒక పూట ఉద్యోగం

1994 జూలై పదకొండో తేదీ సోమవారం ఉదయం మా కళాశాలలో వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మేడమ్‌గారు, మూడు దశాబ్దాలకు పైబడిన సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. వారి గురించి ఈ వీడ్కోలు సంచికలో నన్నే రాయమన్నారని, అది మేడమ్‌గారి కోరికేనని ప్రిన్సిపాల్‌గారు సెలవిచ్చినప్పుడు, ఏడో తరగతితో బడి మానేసి కళాశాల వ్యాను నడుపుకునేవాడితో ఇదేం వేళాకోళం అనుకున్నాను. ఇలాంటి సంచికల్లో రిటైరైన ప్రతివారూ దేవతలైపోతారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ దేవతలంతా ఎక్కడికి పోయారో నాకు కనపడలేదు. కనుక నేను చూసినంత వరకే రాస్తాను.

విద్యార్థులకు రకరకాల వృత్తులను పరిచయం చేసి, ఊళ్లోని యాజమాన్యాలతో వారికి సంబంధం కలిపే బాధ్యతను, మిగతావారంతా తప్పించుకున్నందువల్ల, చేరిన మూడో ఏట మేడమ్‌గారికి అప్పగించారు. దానికి కార్యాలయమంటూ మెట్ల కింద విరిగిన బెంచీలు పడేసే గదినిచ్చారు. వారు బెంచీలు బయటపెట్టించి, గోడలకు సున్నం వేయించి, ఏ చదువుకు ఏ ఉద్యోగమో చూపే బొమ్మలు అంటించి, ఇక అక్కడ కూర్చోకుండా ఊరి మీద పడ్డారు. అచ్చాఫీసు, రక్తపరీక్షల ల్యాబు, కుట్టుమిషన్ల షెడ్డు, ఏదీ వదల్లేదు. కనపడినవారినల్లా ఏం పని, ఎలా నేర్చుకున్నారు, ఎంతమంది కావాలి అని ఆరా తీయడం వల్ల పిల్లలు వారికి 'వాకబు మేడమ్' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి వారికీ తెలుసు.

తొలిరోజుల్లో ఒక గ్యారేజీ యజమాని వారిని గుమ్మంలోనే ఆపి, "చందా అయితే మొన్ననే ఇచ్చామమ్మా" అన్నాడు.

"అడగడానికి రాలేదండీ, ఇవ్వడానికే వచ్చాను. మనుషుల్నిస్తాను, పెట్టుకుంటారా?"

ఆయన పెట్టుకున్నాడు. అప్పుడు చేరిన కుర్రవాడే నేడు ఆ గ్యారేజీ నడుపుతున్నాడు.

తాము ఒక పూటైనా పనిచేసి చూడని చోటికి పిల్లల్ని పంపకపోవడం మేడమ్‌గారి నియమం. ల్యాబులో సీసాలు కడిగారు, షెడ్డులో గుండీలు కుట్టారు. స్టాఫ్ రూములో దీని మీద జోకులకు కొదవ లేదు. వారి శ్రీవారు సైతం ఒకసారి నాతో, "గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి కూడా వదలదయ్యా. వాడు బండ దించేలోగా వాడి బయోడేటా మొత్తం లాగేస్తుంది" అన్నారు.

ఇక నా ఇంటి సంగతి. మా అమ్మాయి ఇంటర్ రెండోసారి కూడా తప్పింది. తప్పాక మాట్లాడటం మానేసింది. ఎవరైనా వచ్చి బెల్లు కొడితే లోపలి గదిలోకి వెళ్లిపోయేది. ఒకనాడు వ్యానులో మేడమ్‌గారితో, "పాసైనవాళ్లకి దారి చూపించే బొమ్మలు మీ గోడనిండా ఉన్నాయండీ. తప్పినవాళ్లకి ఒక్కటీ లేదు" అన్నాను.

ఆ మాటకు వారు నొచ్చుకోలేదు. "రోజంతా ఏం చేస్తుంటుంది?" అని అడిగారు.

"పూసలు గుచ్చుతుంది. ఒక్కటి తేడా వచ్చినా మొత్తం విప్పి మళ్లీ మొదలెడుతుంది."

"అలాగా" అన్నారు.

మరుసటి వారం కళ్లద్దాల కొట్టుకు పోనిమ్మన్నారు. ఆ కొట్టాయన వెనక గదిలో అద్దాలు సానబట్టి ఫ్రేములకు బిగిస్తాడు. "మీ పిల్లలొద్దు మేడమ్. వాళ్లకి ఫోనెక్కువ, పని తక్కువ" అన్నాడు. "అయితే ఈ పూటకి నన్ను పెట్టుకోండి" అని వీరు లోపలికి నడిచారు. భోజనాల వేళ కాకముందే చేతిసంచితో బయటికి వచ్చేశారు. వెనకే ఆయనా వచ్చాడు.

"ఏమనుకోకండి మేడమ్, రేపట్నుంచి రావద్దు."

"ఏం చేశానండీ?"

"ఒకే ఒక్క అద్దం పట్టారు, అదీ పగిలింది. వచ్చినవాళ్లందర్నీ కూర్చోబెట్టి ఏం చదివారు, ఏం చేస్తున్నారు అని ఒకటే మాటలు. చూపు పరీక్షకొచ్చిన పెద్దమనిషి ఉద్యోగం మానేస్తానంటూ వెళ్లాడు."

నేను నవ్వడం అరుదు. ఆ రోజు స్టీరింగు మీద తల ఆన్చి నవ్వాను.

"అంటే మీకు మాట్లాడని మనిషి కావాలి" అన్నారు మేడమ్‌గారు.

"విసుక్కోని మనిషి కూడా. ఉంటే తీసుకురండి. కుదరలేదంటే మిమ్మల్ని పంపినట్టే పంపేస్తాను, తర్వాత నన్ననొద్దు."

వ్యాను ఎక్కి, "రేపు అమ్మాయిని తీసుకెళదాం తమ్ముడూ" అన్నారు.

"అక్కడా తప్పితేనో?" అన్నాను. మరొక్కసారి కాదనిపించుకుంటే ఆ పిల్ల మాకు దక్కదని నా భయం.

వారు వెంటనే మా ఇంటికి పోనిమ్మన్నారు. లోపలి గదిలోకి వెళ్లి, మంచం మీద మా అమ్మాయి పక్కన కూర్చున్నారు. "నన్ను ఒక పూటకే తీసేశారే తల్లీ. నువ్వు సాయంత్రం దాకా ఉన్నావంటే నాకంటే సీనియర్‌వి" అన్నారు. ఏం చేశారని తీసేశారో అంతా చెప్పారు. మా అమ్మాయి పెదవి కదిలింది. ఆ తర్వాత నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు కొట్టు ఎదుట వ్యాను ఆపుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం కావస్తుండగా కొట్టాయన ఒక్కడే బయటికి రావడం చూసి, తీసేశాడనుకుని వ్యాను దిగాను.

"మీరేనా నాన్న? అన్నం తెచ్చుకోలేదట. ఏదైనా తెచ్చిపెట్టండి, సాయంత్రం దాకా పనుంది" అన్నాడు.

ఏ హోటలుకు పరిగెత్తానో, ఏం కట్టించుకొచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు.

నేడు ఆ వెనక గది బాధ్యత మా అమ్మాయిదే. మేడమ్‌గారు పంపిన ఇద్దరు పిల్లలకు తనే పని నేర్పుతోంది. ఇలాంటి ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నున్నాయో నాకు తెలియదు. వారి స్థానంలో ఎవరినీ వేయరట, వెబ్‌సైటు పెడతారట. కొట్టువాళ్లతో మాట్లాడి, పనిలోంచి తీసేయించుకుని, నవ్వుతూ తిరిగి రావడం ఆ వెబ్‌సైటుకు ఎవరు నేర్పుతారో చూడాలి.

మేడమ్‌గారూ, మీ చూపు మారినప్పుడల్లా అద్దాలు మార్చే పూచీ తనదని మా అమ్మాయి చెప్పమంది. ఇప్పుడు తను గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది, ఆ ఫలితం అనుభవించవలసింది మీరే. మీ శ్రీవారితో, బిడ్డలతో సుఖసంతోషాలతో వర్ధిల్లాలనీ, ఆ అద్దాలు ఎన్నోసార్లు మార్చుకునేంత ఆయుష్షు, ఊళ్లో ఏ కొట్టు మెట్లనైనా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేంత ఆరోగ్యం మీకు కలగాలనీ మా ముగ్గురి ఆకాంక్ష.

— కళాశాల వ్యాన్ డ్రైవరు