టైలరు పంపిన ఓదార్పు

ఎప్పట్నుంచో బట్టలు కుట్టించుకునే ఆవిడ, భర్త పోయిన నెలకి టైలరు కొట్టుకి వచ్చి, "మీ మెసేజీ రోజూ చదువుకుంటున్నా అన్నయ్యా" అని కళ్లొత్తుకుంది. టైలరు గతుక్కుమన్నాడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, లోపలికెళ్లి, ఎక్కడో తన ఇంట్లో కూర్చుని జీతానికి ఈయన మెసేజీలన్నీ చూసి జవాబులు పెట్టే అమ్మాయికి ఫోను కొట్టాడు. ఆ పిల్ల మొహం ఈయన ఇంతవరకూ చూడలేదు.

"ఏమ్మా, ఆవిడకి నేనేం రాశాను?"

"మీరెక్కడ రాశారు సార్? 'ఏదో ఒకటి పెట్టెయ్' అన్నారుగా."

"అదేలే, ఏం పెట్టావు?"

"'బావగారి చొక్కా కొలతలు నా పుస్తకంలో అలాగే ఉంచుకుంటానమ్మా, చెరపను' అని పెట్టాను."

"ఎంత మాట! నీకెలా తట్టింది?"

"మా అమ్మ పోయినప్పుడు నాకెవరైనా ఇలాంటిదొకటి పెడితే బావుండనిపించింది సార్."

"అయ్యో, అమ్మ పోయిందా? నాకొక్క మాట చెప్పకూడదటమ్మా?"

"చెప్పాను సార్. పోయినేడు, రెండ్రోజులు సెలవడిగినప్పుడు. మీరు బొటనవేలి బొమ్మ పెట్టారు."

టైలరుకి తల కొట్టేసినట్టయింది.

"సార్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నా తల్లీ. పెట్టెయ్యకు. ముందు ఆ మాట నాది కాదని ఆవిడకి చెప్పొస్తా. తర్వాత మీ అమ్మ గురించి చెబుదువుగాని."