లేని కారుకి గది

పునాది ఇంకా తవ్వని స్థలంలో బల్ల వేసుకుని ముగ్గురు కూర్చున్నారు: ప్లాను గీసే ఇంజనీరు, ఇల్లు కట్టుకోబోతున్న కోడలు, మోకాళ్ళు పట్టేసిన అత్తగారు. ఇంజనీరు చేతిలో పెన్సిలు కంటే రబ్బరే ఎక్కువ అరిగింది.

"మళ్ళీ చెరిపేస్తున్నారేంటండీ? వంటగది ఇప్పుడేగా గీశారు."

"చెరపడం లేదమ్మా, జరుపుతున్నా. చుట్టూ ఖాళీ వదలాలి. రూలు."

"నిరుడు గీసిన ప్లానులో వదిలాంగా."

"అది నిరుటి రూలు. ఈ ఏడాది గోడ ఇంకాస్త లోపలికి రావాలి."

"ఇల్లేమో చిక్కిపోతోంది, ఖర్చేమో ఒళ్ళు చేస్తోంది. వంటగది గట్టుకి దాచిన డబ్బు వాననీళ్ళ గుంటకి పోయింది. తలుపులకి దాచింది అనుమతి ఫీజుకి పోయింది. ఇక తలుపుల్లేని ఇంట్లో ఉండాలేమో."

"రూళ్ళు నేను పెట్టానా ఏంటమ్మా?"

"అది సరే నాయనా, నా గదేది? కింద, కిటికీ పక్కన గీశావుగా."

"ఉందండీ పెద్దమ్మగారూ. ఉంది."

"ఉంటే చూపించు."

"ఇదిగో... పైన."

"పైనా? అద్దె ఇంట్లో మెట్లెక్కలేకే కదయ్యా, ఉన్నదంతా ఊడ్చి ఈ ఇల్లు మొదలుపెట్టింది."

"అత్తయ్యా, ఉండండి నేనడుగుతా. కింద ఆవిడ గదిలో ఈ డబ్బా ఏంటండీ?"

"కారు."

"ఎవరి కారు?"

"మీదేనమ్మా."

"మాకు కారెక్కడిది? మా ఆయన స్కూటరే రోజు విడిచి రోజు కదులుతుంది."

"కారు లేకపోయినా ఫర్వాలేదు. చోటు లేకపోతే అనుమతి రాదు."

"బాగుంది. లేని కారు కింద, ఉన్న ముసల్ది పైన. పోనీ ఆ చోట్లోనే నా మంచం వేయండి. కారులాగే కదలకుండా పడుంటాను."

"కుదరదండీ. తనిఖీ ఆఫీసరుగారు చూస్తారు."

"ఎవరు, వెనక వీధిలో పచ్చగేటు ఇంటాయనా? ఆయన ప్రహరీకీ గోడకీ మధ్య పిల్లి కూడా దూరలేదు. ఆయనా మాకు రూళ్ళు చెప్పేది?"

"అది రూలు రాకముందు కట్టిన ఇల్లండీ."

"సరే, ఆయనొచ్చిన పూట మంచం తీసేస్తాం. వెళ్ళాక వేసుకుంటాం. ఏమంటారు?"

"ఒక్క పూటతో అవదమ్మా."

"మరెన్నిసార్లొస్తారు?"

"రోజూ... సాయంత్రం."

"రోజూనా? ఎప్పుడెళ్తారు?"

"పొద్దున."

"రాత్రంతా మా ఇంట్లో ఏం తనిఖీ చేస్తారండీ ఆయన?"

"ఆయన ఉండరమ్మా. ఆయన కారుంటుంది. ఆ పచ్చగేటు ఇంట్లో కారుకి చోటు లేదట, మీ ఫైలు ముందు పెట్టుకుని అడిగారు."