కుట్టుమిషను మూల

మా ఆయనకు చెవులు రెండే ఉండటం తీరని లోటు. షాపువాళ్లు విని చూడమని ఇచ్చిన ప్రీయాంప్లిఫయర్‌ను, అంటే పాట ఆంప్లిఫయర్‌కు చేరేముందు దానికి మెరుగులు దిద్దే పెట్టెను, ఉంచుకుంటే, చోటు కోసం నా కుట్టుమిషను వరండాలోకి పోవాలి.

"విన్నావా? ఈ పాటలో నిన్నటిదాకా గోడ వెనక పాడినావిడ ఇవాళ ఎదురుగా కూర్చుంది!"

"అంతా ఈ కొత్త పెట్టె మహిమేనంటారా?"

"కాక? మిషను తీసెయ్యి."

"పొద్దున దుమ్ము దులుపుతూ దీని వైర్లు పీకేశానండీ. పాటల వైరు ఎప్పట్లాగే ఆంప్లిఫయర్‌కే పెట్టాను."

"ఊరుకో! లైటు వెలుగుతోందిగా!"

"వెలుగుతోంది లెండి. వెనక చూడండి."

"అమ్మ బాబోయ్! కరెంటు వైరు తప్ప ఏమీ లేదే! మరి గంట నుంచీ నేను విన్నదేంటి?"

"మన పాత ఆంప్లిఫయరే."

"...పొరబడ్డానే."

"వినపడలేదండీ."

"నేనే పొరబడ్డాను! ఈ పెట్టె మనకక్కర్లేదు, నీ మిషను ఎక్కడికీ కదలదు!"