ఇంకుడు గుంత

కర్దనూర్‌లో కుండపోత తెరిపిచ్చిన పొద్దున, మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన భర్తకు ఆమె నవ్వుతూ తువ్వాలు అందించింది.

“ఎండాకాలమంతా బోరు ఎండి సచ్చినం. వానేమో పడితే గిట్ల ఒక్కపారే పడుతున్నది. అందుకే నిన్న ఆడోళ్లమంతా కాలువ తవ్వి, వాగు నీళ్లను బోరు పక్కన ఇంకుడు గుంతకు మళ్లించినం.”

“ఏ వాగు?”

“మీ కంపెనీ ఎనక నుంచి వచ్చేదే. ఊరికి ఇంకోటున్నదా?”

తల తుడుచుకుంటున్న అతని చెయ్యి ఆగిపోయింది.

“ఏందయ్యా, గట్ల సూస్తున్నవ్? మెచ్చుకుంటవనుకున్న.”

“పెద్ద వాన పడ్డప్పుడల్లా కంపెనీల ఖరాబు నీళ్ల ట్యాంకు తెరుస్తం. వరదల కలిసిపోతే ఎవరికీ తెల్వదని.”

“రాత్రి ఎవరు తెరిచిన్రు?”

“నేనే.” అతను తువ్వాలు పక్కన పడేశాడు. “పార ఇయ్యి, జల్దీ. కాలువ పూడుస్త.”

ఆమె బోరు వైపు చూసింది.

“ఇగ పారెందుకు? రాత్రంతా గుంత నిండుతనే ఉన్నది, ఇంకుతనే ఉన్నది.”