రొట్టెలవ్వ మూల

జహీరాబాదులో కొత్తగా రానున్న బస్టాపులకు పేర్లు వెతుకుతూ తిరుగుతున్న అమ్మాయి, ఝరాసంగం దారి మలుపులో జొన్నరొట్టెలు కాల్చే అవ్వ ముందు ఆగింది.

“ఆటోవాళ్లు గీ జాగను ఏమంటరవ్వా?”

“రొట్టెలవ్వ మూల అంటరు బిడ్డా.”

అమ్మాయి ముఖం వెలిగింది. “అయితే బస్టాపుకు గదే పేరు పెడతం!”

“బోర్డు మీద నా పేరా! మరి షెడ్డు ఏడ కడ్తరు?”

“ఇగో, ఈడ...” అమ్మాయి చూపుడువేలు పొయ్యి దగ్గరే ఆగిపోయింది.

అవ్వ నిదానంగా రొట్టె తిప్పింది. “ఎదురుంగ ఖాళీ జాగ ఎవరిది?”

“సర్కారుదే.”

“గట్లయితే షెడ్డు ఆడ కట్టున్రి. మీకు నచ్చిన పేరు పెట్టుకోన్రి. దిగినోళ్లు రొట్టె వాసన పట్టుకొని నా తానకే వస్తరు.”