జెనొవేఫా బామ్మ అరుగు చెప్పినట్టు సెనేటు

జెనొవేఫా బామ్మ ఏ కథ ఎత్తుకొన్నా ముందుగా పెద్దలను తలచుకొనేది.

"మా తాత వాలెంటి, మిల్లు మూతపడిన చలికాలంలో పార్టీ ఇచ్చిన బొగ్గును వీపున మోసి ఈ కొండమీది ప్రతి గడపకూ చేర్చాడు. మా అమ్మ బ్రోనిస్లావా, ఇంగ్లీషు రాని ఆడవాళ్లను చేయి పట్టుకొని పౌరసత్వపు పరీక్షకు నడిపించింది. వాళ్ల తరువాత ఈ వీథికి పార్టీ మనిషిని నేనే!"

పిట్స్‌బర్గ్‌లోని ఆ పోలిష్ కొండమీద పొద్దు వాలుతున్నది. నదిమీది పొగమంచు ఒక్కొక్క మెట్టే ఎక్కి వస్తున్నది. అరుగుమీద పొరుగువారు కజిమీర్, లుద్వికా పిరోగీలనే పోలిష్ కుడుములు తింటున్నారు. మనుమరాలు హలీనా మాత్రం ముట్టలేదు. పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక మంగళవారం. నగరసభకు హలీనా నిలుచున్నది. పార్టీ పెద్దలు మరొకరిని బలపరచారు. పోలింగు వాకిట నిలిచి బామ్మ ఎవరి పేరున్న కార్డు పంచితే వీథి అటే మొగ్గుతుంది. ఆ మాట తేల్చుకొనడానికే హలీనా వచ్చింది. బామ్మ కథలో పడింది.

"ఒక ఎన్నికనాడు మోకాటిలోతు మంచు. లుద్వికా అత్తగారిని వీపున వేసుకొని ఈ మెట్లన్నీ దిగాను."

"మా అత్తగారు నీకు రెండింతలుండేది కదా, పిన్నీ!"

"ఆవిడ ఒక్కతేనా? ఆవిడ వీపున ఆవిడ చెల్లెలు! ఆ తరువాత ఏమైందో తెలుసా? మెట్లు కనబడక, బట్టలారేసే తాడు విసిరి, పోలింగు జరిగే బడినే పైకి లాగేశాను. జారుకుంటూ వచ్చి ఈ అరుగు ముందు ఆగింది. లోపల పిల్లలు ఎక్కాలు ఆపలేదు!"

"మరి వాషింగ్టన్‌కు తాడు చాలలేదా, వదినా?" కజిమీర్ ఎగదోశాడు.

"తాడెందుకు? సెనేటర్లంతా సాయంత్రం మేడలెక్కి మా అరుగు దీపం చూసేవాళ్లు. వెలిగితే ఔను, ఆరితే కాదు. ఒకసారి మిణుగురులు ముసిరి దీపం మిణుకుమిణుకుమన్నది. పాపం, వేసవంతా చేతులెత్తడం, దించడం! ఆ చేతుల గాలికి లేచిన మంచే, ఇదిగో, ఇప్పటికీ ఇలా తిరుగుతున్నది. చివరికి అధ్యక్షుడే ఫోను చేసి, 'ఔనో కాదో చెప్పు తల్లీ, పడుకొంటాం' అన్నాడు."

దూరాన ఉక్కు కొలిమి ఎరుపు మంచులో కరిగి, కొండంతా తేలిపోతున్నట్లున్నది. బామ్మకు తన మాట తనకే నిజమనిపించింది.

"బామ్మా, ఈసారి అభ్యర్థిని ఎంచేటప్పుడు పార్టీవాళ్లు నిన్ను అడిగారా?" అన్నది హలీనా మెల్లగా.

నవ్వులు ఆగిపోయాయి.

"లేదే తల్లీ. అందరితోపాటు టీవీలో చూశాను. పంచమని కార్డుల పెట్టె మాత్రం పంపారు."

పార్టీ పంపిన ఆ పెట్టెను ఆమె విప్పలేదు. మరునాడు హలీనాను వెంటబెట్టుకొని గడపగడపకూ తిరిగింది. లుద్వికా ఇంట పెరటి తలుపు తట్టాలనీ, కజిమీర్‌ను ముందుగా మోకాలినొప్పి అడగాలనీ, ఓటు మాట లేచేటప్పుడే ఎత్తాలనీ నేర్పింది. నడవలేనివారి ఇళ్లు చూపింది. వారిని తీసుకొనివెళ్లడానికి తన కారు ఇచ్చింది. తాత, అమ్మల నుంచి వచ్చినదానిలో బామ్మ మనుమరాలికి అప్పగించినది ఇంతే.